అక్టోబరులోనూ లేదు, నవంబరులోనూ లేదు: ఆడవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు కనిపించకుండా పోతోంది?

మన దేశంలో ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లకి ప్రభుత్వం ఉచితంగా చేయించే క్యాన్సర్ పరీక్షలు మూడు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ప్రైవేటు ల్యాబులు అమ్మే ‘మహిళల హెల్త్ చెకప్’ ప్యాకేజీలు చూస్తే మామోగ్రామ్, పాప్ స్మియర్, కడుపు స్కానింగ్, థైరాయిడ్ ఉంటాయి. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అక్టోబరు వచ్చిందంటే చెన్నై బీసెంట్ నగర్ బీచ్ దగ్గర గులాబీ టీషర్టులు, ఓఎంఆర్ ఐటీ ఆఫీసుల్లో డాక్టర్ల ఉపన్యాసాలు. ఇవన్నీ కావలసినవే. వీటి వల్ల ఎందరో అమ్మలు, అక్కలు వేళకి డాక్టరు దగ్గరికి వెళ్లారు. అయితే వీటిలో ఎక్కడా ఊపిరితిత్తుల మాట వినపడదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి నవంబరు నెల కేటాయించారు. ఆ నెల పోస్టర్ల మీద సిగరెట్టు పట్టుకున్న మగవాడి చెయ్యి ఉంటుంది. అంటే అక్టోబరులో ఊపిరితిత్తులు లేవు, నవంబరులో ఆడవాళ్లు లేరు. సిగరెట్టు ముట్టని ఆడమనిషికి ఈ జబ్బు వస్తే ఆమె సంగతి ఈ రెండు నెలల్లో ఎవరికీ పట్టదు.

ఇది ఎంత పెద్ద విషయం? 2022 ప్రపంచ లెక్కల ప్రకారం ఆ ఏడాది ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ వల్ల 6 లక్షల 60 వేలకు పైగా చనిపోయారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వల్ల చనిపోయినవాళ్లు దాదాపు 5 లక్షల 84 వేలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు సుమారు 3 లక్షల 50 వేలు. అంటే ఆడవాళ్ల ప్రాణాలు తీసే క్యాన్సర్లలో ఊపిరితిత్తులది ప్రపంచంలో రెండో స్థానం. అమెరికాలో అయితే 1987లోనే రొమ్ము క్యాన్సర్‌ను దాటిపోయింది.

మన దేశం లెక్క వేరు, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఇక్కడ ఆడవాళ్లలో మొదటి రెండు స్థానాలు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లవే. ఊపిరితిత్తులది మొదటి మూడు స్థానాల్లో కూడా లేదు. 2022లో దేశంలో 80 వేలకు పైగా కొత్త ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసులుంటే, వాటిలో ఇంచుమించు నలుగురిలో ఒకరు ఆడమనిషి. శాతంగా చూస్తే చిన్నదే. మనుషులుగా లెక్కేస్తే ఏటా దాదాపు ఇరవై వేల మంది. వాళ్లలో ఎక్కువమంది జబ్బు ముదిరాకే ఆసుపత్రికి చేరుతున్నారు.

‘ఆడవాళ్ల క్యాన్సర్లు’ అనే జాబితా ఎప్పుడూ ఒకేలా ఉండదు. దీనికి చెన్నై నగరమే సాక్ష్యం. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1954లో అడయార్‌లో 12 పడకలతో మొదలుపెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1980ల మొదటి నుంచి నగరంలో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో రిజిస్టరులో రాస్తూ వస్తోంది. అప్పట్లో చెన్నై ఆడవాళ్లలో మొదటి స్థానం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ది. ఆ తర్వాతి దశాబ్దాల్లో అది తగ్గుతూ వచ్చింది, రొమ్ము క్యాన్సర్ పైకొచ్చింది. పెళ్లి వయసు, కాన్పుల సంఖ్య, శుభ్రత, తిండి, బరువు, పరీక్షలు, ఇలా బతుకు మారేకొద్దీ జబ్బుల వరస కూడా మారింది. కాబట్టి ముప్పై ఏళ్ల కిందటి జాబితా పట్టుకుని రేపటి జబ్బును వెతకలేం.

మరి ఊపిరితిత్తులు జాబితాలోకి ఎందుకు రాలేదు? సిగరెట్టు ఒక కారణం, దాని సంగతి తర్వాత చెబుతాను. అంతకంటే లోతైన కారణం ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. మన అవగాహన కార్యక్రమాలన్నీ ఒక పరీక్ష చుట్టూ కట్టినవి. రొమ్ముకి మామోగ్రామ్ ఉంది, చేత్తో తడిమి చూసుకోవడం ఉంది. గర్భాశయ ముఖద్వారానికి పాప్ స్మియర్ ఉంది, టీకా ఉంది. శిబిరం పెడితే చేయించడానికి ఒక పని ఉంటుంది, నివేదికలో రాయడానికి ఒక సంఖ్య ఉంటుంది. ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి టేబుల్ మీద పెట్టి చేసే పరీక్ష లేదు. పరీక్ష లేదు కాబట్టి ఆ మాటే ఎత్తడం మానేశారు. అవగాహన అంటే స్క్రీనింగ్ (లక్షణాలు లేకముందే పరీక్ష చేసి వెతకడం) ఒక్కటే అనుకోవడం దగ్గరే దారి తప్పింది.

ఇక సిగరెట్టు. పొగాకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి అన్నిటికంటే పెద్ద కారణం, అందులో రెండో మాట లేదు. అయితే మన ఆడవాళ్లలో పొగ తాగేవాళ్లు చాలా తక్కువ. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో అది 2 శాతం. అదే సర్వేలో ఇంట్లో పక్కవాళ్ల పొగ పీలుస్తున్నామని చెప్పిన పెద్దవాళ్లు 38.7 శాతం.

పక్కవాళ్ల పొగ సంగతి మొదట గట్టిగా తేల్చింది జపాన్ పరిశోధకుడు టకేషి హిరయామా. పొగ తాగని 91 వేలకు పైగా గృహిణులను 14 ఏళ్ల పాటు గమనించి 1981లో ఫలితాలు ప్రచురించాడు. భర్త ఎంత ఎక్కువ కాలిస్తే భార్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరిగింది. సిగరెట్టు కంపెనీలు ఆ లెక్కల్ని తప్పుపట్టాలని చాలా ప్రయత్నించాయి. తర్వాత వచ్చిన పరిశోధనలు హిరయామా మాటనే బలపరిచాయి.

తర్వాతది వంటింటి పొగ. ఈరోజు అరవై దాటిన మన అమ్మలు, అత్తలు చాలామంది పెళ్లైన దగ్గర్నుంచి గ్యాస్ వచ్చేదాకా కట్టెలు, పిడకలు, ఊకతో వండారు. పొగగొట్టం లేని వంటింట్లో, ఊదుగొట్టంతో మంట ఊదుతూ, చంకలో పిల్లతో. ఉజ్వల పథకం వచ్చింది 2016లో. అప్పటికి వాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లవలసిన పొగంతా వెళ్లిపోయింది. ఇప్పుడు చెన్నైలో కొడుకు ఫ్లాట్‌లో గ్యాస్ స్టవ్ ముందు నిలబడినా ఆ ముప్పై నలభై ఏళ్ల పొగ చరిత్ర వాళ్లతోనే ఉంటుంది.

ఇంటి లోపలి పొగ ఏం చేస్తుందో చైనాలోని యునాన్ రాష్ట్రంలో షువాన్‌వే ప్రాంతం చూపించింది. అక్కడి ఆడవాళ్లు దాదాపుగా పొగ తాగరు, అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు విపరీతం. కారణం ఇంట్లో గొట్టం లేని పొయ్యిల్లో కాల్చే, పొగ ఎక్కువగా వచ్చే బొగ్గు. పొయ్యిలకి పొగగొట్టాలు పెట్టించాక అక్కడ ఈ జబ్బు తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఇంట్లో కాల్చే బొగ్గు పొగను ‘క్యాన్సర్ కారకం’ అనీ, కట్టెల పొగను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనీ వర్గీకరించింది. బాగా కాగిన నూనెలో వేపుడు చేస్తే వచ్చే పొగ కూడా రెండో వర్గంలోనే ఉంది. అంతమాత్రాన తిరగమోత పెట్టాలంటే భయపడక్కర్లేదు. ఆ ఆధారాలు చాలావరకు చైనా వంటిళ్ల నుంచి వచ్చినవి. కిటికీ తెరవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యడం మాత్రం మానకూడదు.

బయటి గాలి సంగతి ఇంకా స్పష్టం. డీజిల్ పొగను 2012లో, బయటి వాయు కాలుష్యాన్ని 2013లో ఐఏఆర్‌సీ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం అనుమతించే పరిమితి 40. ఎన్నూరు థర్మల్ కేంద్రాలు, మణలి రిఫైనరీ, కొడుంగయ్యూరు చెత్తదిబ్బ, ఇవన్నీ ఉత్తర చెన్నైలోనే. తరాలుగా తెలుగు మాట్లాడే పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలు ఉండేది కూడా ఎక్కువగా ఆ వైపే. తెల్లారకముందే రోడ్లు ఊడ్చే ఆడవాళ్లు పీల్చే దుమ్ము ఎంతో ఏ హెల్త్ చెకప్ ప్యాకేజీ అడగదు. ఉత్తరాంధ్ర నుంచి, రాయలసీమ నుంచి కట్టడం పనులకు వచ్చిన ఆడకూలీలు సిమెంటు, రాతి దుమ్ము మధ్య పనిచేస్తారు. రాతి దుమ్ములోని సిలికా కూడా క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే ఉంది.

కాలుష్యం పొగ తాగనివాళ్లలో క్యాన్సర్ ఎలా పుట్టిస్తుందో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2023లో వివరించారు. వయసు పెరిగేకొద్దీ ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తుల్లో కూడా కొన్ని కణాల్లో జన్యు మార్పులు చేరుతుంటాయి. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు అలాంటిదే. ఆ కణాలు చాలాకాలం ఏమీ చెయ్యకుండా ఉండిపోవచ్చు. సన్నటి ధూళి లోపలికి వెళ్లినప్పుడు ఊపిరితిత్తుల్లో వాపు పుడుతుంది, ఆ వాపులో విడుదలయ్యే రసాయనాలు ఈ నిద్రాణమైన కణాల్ని లేపుతాయి. ధూళి కొత్త మార్పు తేనక్కర్లేదు, ఉన్నదాన్ని రెచ్చగొడితే చాలు. ఈజీఎఫ్ఆర్ మార్పు పొగ తాగనివాళ్లలో, ఆడవాళ్లలో, ఆసియావాసుల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

పొగాకు గురించి మన తెలుగు నేల సంగతి ఒకటి చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్దవయసు ఆడవాళ్లకి అడ్డపొగ అలవాటుండేది. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. దానివల్ల వచ్చే అంగిలి క్యాన్సర్ మీద దశాబ్దాల కిందటే పరిశోధనలు జరిగాయి. అలాంటి ముసలమ్మ చెన్నైలో డాక్టరు ముందు కూర్చుంటే, పక్కనున్న కోడలు సిగ్గుపడి ‘అలాంటి అలవాట్లేమీ లేవండి’ అంటుంది. అలవాటు ఉన్నా లేకపోయినా జబ్బు మనిషి తప్పు కాదు. ఉంటే చెప్పుకునే ధైర్యం ఇవ్వాలి, లేకపోతే ‘నీకెందుకు వస్తుంది’ అని అనుమానాన్ని కొట్టిపారెయ్యకూడదు. పొగ తాగినవాళ్లకే వచ్చే జబ్బన్న ముద్ర ఈ రెండు రకాల ఆడవాళ్లకీ ద్రోహం చేస్తోంది.

ఆ ముద్ర వల్ల జబ్బు బయటపడటం ఎలా ఆలస్యమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా మేనత్తది సూళ్లూరుపేట దగ్గర పల్లె. పొడి దగ్గు పట్టుకుంటే మొదట సిరప్‌లు, తర్వాత ‘అలర్జీ’ అన్నారు. దగ్గు తగ్గలేదు. ఎక్స్‌రేలో మచ్చ కనబడింది. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి దొరకలేదు, అయినా టీబీ మాత్రలు మొదలుపెట్టారు. బరువు తగ్గుతుంటే ‘ఆ మాత్రలు అంతే, నీరసం చేస్తాయి’ అనుకున్నాం. ఆయాసం ఎక్కువై చెన్నై తీసుకొచ్చేసరికి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఆ నీరు తీసి, ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలింది. “పొగ తాగే అలవాటుందామ్మా?” అని డాక్టరు అడిగితే, “నాకా? ఆ వాసనే పడదయ్యా” అంది అత్త. అంతవరకు చూసిన డాక్టర్లలో ఏ పొయ్యి మీద వండావని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

టీబీతో ఈ తికమక మన దేశంలో చాలా మామూలు. రెంటికీ దగ్గు, కళ్లెలో రక్తపు జీర, సన్నబడటం, ఎక్స్‌రేలో మచ్చ ఉంటాయి. టీబీ ఎక్కువగా ఉన్న దేశంలో డాక్టరు మొదట టీబీ అనుకోవడం తప్పేమీ కాదు. రుజువు లేకుండా మందులు మొదలుపెట్టడం, తగ్గకపోయినా మళ్లీ ఆలోచించకపోవడం, నష్టం అక్కడ జరుగుతుంది. కళ్లె పరీక్షలో క్రిమి దొరకకపోతే, మందులు మొదలుపెట్టి నెలా రెండు నెలలైనా దగ్గు తగ్గకపోతే, ‘సీటీ స్కాన్ తీయించమంటారా?’ అని అడగాలి. ఆ మాట అడిగే హక్కు మనకుంది. టీబీ మాత్రలు మాత్రం సొంతంగా ఆపెయ్యకూడదు. రెండు జబ్బులూ ఒకేసారి ఉండే అవకాశం కూడా ఉంది.

పొగ తాగని ఆడవాళ్లలో ఎక్కువగా వచ్చేది అడినోకార్సినోమా అనే రకం. ఇది సాధారణంగా ఊపిరితిత్తి అంచుల్లో, పెద్ద గాలి గొట్టాలకి దూరంగా పెరుగుతుంది. అందుకే మొదట్లో దగ్గు కూడా రాకపోవచ్చు. కొందరిలో మొదటి లక్షణం భుజం నొప్పి, వెన్నునొప్పి లేదా విడవని తలనొప్పి. అప్పటికి జబ్బు ఎముకలకో మెదడుకో చేరి ఉంటుంది. మూడు వారాలు దాటిన దగ్గు, పాత దగ్గు తీరు మారడం, కళ్లెలో రక్తపు జీర, మునుపు సులువుగా ఎక్కిన మెట్లకి ఆయాసం, గొంతు బొంగురుపోయి తిరిగి రాకపోవడం, ఒకే చోట పదేపదే నెమ్ము చేరడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవి ఆడవాళ్లలో కూడా ఊపిరితిత్తుల వైపు చూడమని చెప్పే గుర్తులే. వీటిలో చాలావాటిని మన ఇళ్లలో ఆడవాళ్లు ‘వయసు మీద పడింది’, ‘పనెక్కువైంది’ అని దాటేస్తారు. నొప్పికి మాత్ర వేసుకుని మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోతారు. ఇంట్లో మగవాడు మూడు వారాలు దగ్గితే మందలించి డాక్టరు దగ్గరికి పంపేది కూడా ఆవిడే.

ఇంత ప్రమాదమైతే అందరికీ స్కాన్ చేసెయ్యొచ్చుగా అని అడుగుతారు. ఇక్కడే విషయం చిక్కుపడుతుంది. తక్కువ మోతాదు సీటీ స్కాన్‌తో ముందుగా వెతికితే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని అమెరికాలో 53 వేల మందితో చేసిన పెద్ద అధ్యయనం 2011లో తేల్చింది. అయితే అందులో చేరినవాళ్లంతా ఏళ్ల తరబడి బాగా పొగ తాగినవాళ్లు. అమెరికా మార్గదర్శకాలు కూడా 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసుండి, రోజుకో పెట్టె చొప్పున ఇరవై ఏళ్లు లేదా అంతకు సమానంగా కాల్చినవాళ్లకే ఈ స్కాన్ చెబుతాయి. మా మేనత్త లాంటి మనిషి ఆ వడపోతలో ఎప్పటికీ రాదు.

పొగ తాగనివాళ్ల వైపు ముందుగా చూసిన దేశం తైవాన్. అక్కడ ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లలో అత్యధికులు పొగ తాగనివాళ్లే. అందుకే 2022లో మొదలుపెట్టిన జాతీయ స్క్రీనింగ్‌లో, తల్లిదండ్రులకో తోబుట్టువులకో పిల్లలకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే పొగ తాగకపోయినా స్కాన్‌కి అర్హత ఇచ్చారు. మనం దాన్ని అలాగే తెచ్చుకోగలమా అంటే, తొందరపడకూడదనే నా మాట. టీబీ తిరిగే దేశంలో చాలామంది ఊపిరితిత్తుల్లో పాత మచ్చలు, గడ్డలు ఉంటాయి. ప్రతి మచ్చకీ మళ్లీ స్కాన్, సూది, బ్రాంకోస్కోపీ (గాలి గొట్టంలోకి కెమెరా పంపి చూడటం) అంటే డబ్బుకి డబ్బు, టెన్షన్‌కి టెన్షన్. ప్రాణాపాయం కలిగించని గడ్డల్ని కూడా కోసెయ్యడం తైవాన్‌లోనూ చర్చ అయింది. కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవాళ్లు ఛాతీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. మిగతావాళ్లకి లక్షణాల మీద అనుమానమే ఇప్పటికి చేతిలో ఉన్న మార్గం.

హెల్త్ చెకప్‌లో ఛాతీ ఎక్స్‌రే తీశారు, నార్మల్ అన్నారు అని నిశ్చింతగా ఉండేవాళ్లు కూడా ఉన్నారు. ఏటా ఎక్స్‌రే తీసినా ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు తగ్గలేదని మరో పెద్ద అమెరికా అధ్యయనం 2011లోనే చెప్పింది. చిన్న గడ్డలు గుండె వెనకా, పక్కటెముకల చాటునా దాక్కుంటాయి. లక్షణం ఉండి ఎక్స్‌రే నార్మల్ అయితే అది చివరి మాట కాదు.

పొగ తాగని ఆడవాళ్లకి ఈ జబ్బులో ఒక ఆశ కూడా ఉంది. అది చాలామంది దాకా చేరడం లేదు. భారతీయ అడినోకార్సినోమా రోగుల్లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. ఇంకొందరిలో ఆల్క్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. వీటికి సూటిగా పనిచేసే మాత్రలున్నాయి. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్లలో గెఫిటినిబ్ మాత్ర కీమోథెరపీ కంటే ఎక్కువకాలం జబ్బును అదుపులో పెట్టిందని 2009లో తూర్పు ఆసియాలో చేసిన ఐపాస్ అధ్యయనం చూపింది. అందులో పాల్గొన్నవాళ్లలో అత్యధికులు పొగ తాగని ఆడవాళ్లే. గెఫిటినిబ్ జెనెరిక్ మాత్రలు ఇప్పుడు మామూలు కుటుంబాలకి కూడా అందే ధరలో దొరుకుతున్నాయి. తర్వాత వచ్చిన ఒసిమెర్టినిబ్ ఇంకా మెరుగైనది, ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. 2024 బడ్జెట్‌లో దాని మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. ఈ మాత్రలు ముదిరిన జబ్బును పూర్తిగా నయం చెయ్యవు, కానీ ఏళ్లు ఇస్తాయి. మా అత్తకి ఈజీఎఫ్ఆర్ మార్పు ఉందని తేలాక మాత్రతో ఆయాసం తగ్గి, మళ్లీ తన వంట తనే చేసుకునేంతగా తేరుకుంది.

అందుకని గులాబీ శిబిరం పెట్టేవాళ్లకి నా విన్నపం ఇది. మీ శిబిరంలో ఒక్క పరీక్షా తగ్గించవద్దు. వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి: ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండారు, ఇంట్లో ఎవరైనా కాలుస్తారా, దుమ్ములో పనిచేశారా, దగ్గో ఆయాసమో మూడు వారాలుగా ఉందా. ఉత్తర చెన్నైలో, కట్టడాల దగ్గర, ఈ ప్రశ్నలు తమిళంతో పాటు తెలుగులోనూ అడగాలి. ‘అవును’ అన్నవాళ్లకి ఏ ఆసుపత్రిలో ఏ విభాగానికి వెళ్లాలో కాగితం మీద రాసివ్వాలి. దీనికి యంత్రం అక్కర్లేదు.

ఇప్పటికే జబ్బు బయటపడిన ఇళ్లవాళ్లకి కూడా కొన్ని మాటలు. బయాప్సీ చేసే ముందే, జన్యు పరీక్షలకి సరిపడా ముక్క తీస్తారా అని అడగండి. చాలకపోతే మళ్లీ సూది గుచ్చాల్సి వస్తుంది. ముక్క సరిపోకపోతే కొన్ని సందర్భాల్లో రక్తంతో కూడా పరీక్ష చెయ్యొచ్చు. పేషెంటు నిలకడగా ఉంటే జన్యు పరీక్షల ఫలితం వచ్చేదాకా కీమో మొదలుపెట్టకుండా ఆగవచ్చా అని డాక్టరుతో మాట్లాడండి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెన్నై వచ్చేవాళ్లు మీ ఆరోగ్య పథకం కార్డు ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకి చెల్లుతుందో బయల్దేరే ముందే కనుక్కోండి. ఆసుపత్రి మారితే రిపోర్టులతో పాటు బయాప్సీ బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో దాచిన దిమ్మెలు), స్లైడులు (ఆ ముక్క పొరలున్న గాజు పలకలు) కూడా అడిగి తీసుకుని జాగ్రత్తగా దాచండి. మాత్ర కొన్నాళ్లకి పనిచెయ్యడం మానేసినప్పుడు జబ్బు కొత్తగా ఏ దారి పట్టిందో తెలుసుకోవడానికి మళ్లీ పరీక్ష చేయించాలి. అప్పుడు పాత ముక్క కూడా అవసరం పడొచ్చు.